జవాబు ఎక్కడ పుడుతుంది?

మా మనవరాలు ఎంబీఏ రెండో ఏడు చదువుతోంది. బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిల ఉద్యోగ తృప్తి మీద ప్రాజెక్టు. నలభై ప్రశ్నలు రాసుకొచ్చి, "తాతయ్యా, తెలుగులో తప్పులేమైనా ఉంటే దిద్దిపెట్టవూ, రేపు జిరాక్సులు తీయించాలి" అని నా చేతిలో పెట్టింది. అక్షరదోషాలు ఒకటీ అరా తప్ప లేవు. కానీ మొదటి ప్రశ్న దగ్గరే కలం పక్కన పెట్టాల్సి వచ్చింది.

"మీ జీతంతోనూ, పని పరిస్థితులతోనూ మీరు తృప్తిగా ఉన్నారా?" ఎదురుగా రెండు గడులు: అవును, కాదు.

"ఇవి రెండు ప్రశ్నలు కదమ్మా" అన్నాను. ఒకమ్మాయికి జీతం సరిపోతోంది. కానీ పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడే ఉండాలి. ఆ పిల్ల అవునంటుందా, కాదంటుందా? ఏది అన్నా నీకు దేని సంగతి తెలిసినట్టు?

"అయితే రెండుగా విడగొట్టేస్తాను" అంది వెంటనే. విడగొట్టాల్సిందే. ఆ సూత్రం మీ పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది. కానీ అలాంటి సూత్రాలు ఎందుకు పుట్టాయో తెలిస్తే మిగతా ముప్ఫై తొమ్మిది ప్రశ్నలనీ నువ్వే దిద్దుకోగలవు, కూర్చో అన్నాను. అప్పుడు చెప్పుకున్న కబుర్లే ఇవి.

ప్రశ్నావళి రాసేవాళ్లలో చాలామంది మనసులో ఒక నమ్మకం ఉంటుంది. ఎదుటి మనిషి లోపల జవాబు ముందే తయారై ఉందనీ, మనం అడగడమే తరువాయి అనీ. అంటే జాడీలో ఆవకాయ ఉంది, మనం గరిట పెట్టి తీసుకోవడమే అన్నట్టు. నిజానికి చాలా జవాబులు అలా నిలవ ఉండవు. అడిగిన క్షణంలో, అడిగిన మాటలతో, అప్పటికప్పుడు తయారవుతాయి. పెనం మీద పోసే దోసె లాగా. పిండి ఆ మనిషిదే, కాదనను. కానీ పెనం నీది, మంట నీది. దోసె గుండ్రంగా వచ్చిందా, మాడిందా అన్నదాంట్లో నీ వాటా ఎంతో నీకు తెలియాలి.

ఇది నా ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి. ఎలిజబెత్ లాఫ్టస్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త ఉన్నారు. 1975లో ఆవిడ ప్రచురించిన ఒక వ్యాసంలో తలనొప్పుల ముచ్చట వస్తుంది. కొందరిని "మీకు తరచుగా తలనొప్పి వస్తుంటుందా? వస్తే వారానికి ఎన్నిసార్లు?" అని అడిగారు. మరికొందరిని "మీకు అప్పుడప్పుడు తలనొప్పి వస్తుంటుందా? వస్తే వారానికి ఎన్నిసార్లు?" అని అడిగారు. తరచుగా అన్న మాట విన్నవాళ్లు సగటున వారానికి 2.2 సార్లు అన్నారు. అప్పుడప్పుడు అన్న మాట విన్నవాళ్లు 0.7 అన్నారు. మూడు రెట్ల తేడా! వాళ్లలో అబద్ధం ఆడినవాళ్లెవరూ ఉండక్కర్లేదు. తలనొప్పులు లెక్కపెట్టుకుని డైరీలో రాసుకునేవాళ్లు ఎంతమంది? గుర్తున్నంతలో ఒక అంచనా వేసుకుంటారు. ఆ అంచనా ఎటు మొగ్గాలో ప్రశ్నలోని మాటే చెప్పేసింది.

"మాటల్ని జాగ్రత్తగా చూసుకుంటాను, కానీ నేను గడులు ఇచ్చి టిక్కు పెట్టమంటున్నానుగా" అంది మనవరాలు. గడులు కూడా మాట్లాడతాయమ్మా!

1985లో జర్మనీలో నోర్బర్ట్ ష్వార్జ్, ఆయన సహచరులు కలిసి టీవీ చూసే అలవాటు గురించి అడిగారు. రోజుకి ఎంతసేపు చూస్తారు అన్నదే ప్రశ్న. ఒక కాగితం మీద గడులు "అరగంట లోపు"తో మొదలై "రెండున్నర గంటలకు పైన"తో ముగిశాయి. రెండో కాగితం మీద "రెండున్నర గంటల లోపు"తో మొదలై "నాలుగున్నర గంటలకు పైన" దాకా వెళ్లాయి. రెంటికీ రెండున్నర గంటల దగ్గర గీత ఉంది కాబట్టి పోల్చి చూడొచ్చు. మొదటి కాగితం అందుకున్నవాళ్లలో రెండున్నర గంటలకు మించి చూస్తామన్నది 16.2 శాతం. రెండో కాగితం వాళ్లలో 37.5 శాతం. కారణం ఏమిటంటే, జనం గడుల వరసను చూసి, మధ్యలో ఉన్నది మామూలు మనుషుల లెక్క అయి ఉంటుందని అనుకుంటారు. నేను అందరిలాంటివాణ్ణే అనుకుని మధ్యకో, కాస్త పక్కకో టిక్కు పెడతారు. గడులు గీసిన పరిశోధకుడికి లోకం తీరు తెలుసుననే మర్యాద అది. ఆ మర్యాదే కొలతను పాడుచేస్తుంది.

అందుకని గంటలు, రోజులు, రూపాయలు లాంటివి అడిగేటప్పుడు గడులు మానేసి ఖాళీ వదలడమే నాకు మంచిదనిపిస్తుంది. గడులే ఇవ్వాలనుకుంటే, నీ కాగితం మీద జీతం దగ్గర చూడు: "10,000–15,000", "15,000–20,000" అని రాశావు. సరిగ్గా పదిహేను వేలు తెచ్చుకునే అమ్మాయి ఎక్కడ టిక్కు పెట్టాలి? ఇది చిన్న విషయమే, దిద్దుకుంటే పోతుంది. పదండి ముందుకు.

ఏ ప్రశ్న తర్వాత ఏ ప్రశ్న వస్తుందన్నది మాత్రం చిన్న విషయం కాదు. 1948లో అమెరికాలో హెర్బర్ట్ హైమన్, పాల్ షీట్‌స్లీ అనే ఇద్దరు రెండు ప్రశ్నలు తీసుకున్నారు. రష్యా నుంచి వచ్చే కమ్యూనిస్టు విలేఖరులను అమెరికాలోకి రానిచ్చి, వాళ్లు చూసింది చూసినట్టు తమ పత్రికలకు పంపుకోనివ్వాలా అన్నది ఒకటి. అమెరికా విలేఖరులను రష్యా అలాగే రానివ్వాలా అన్నది రెండోది. కమ్యూనిస్టు విలేఖరుల ప్రశ్న ముందు అడిగితే రానివ్వాలన్నది 36 శాతం. అదే ప్రశ్న రెండోదిగా వచ్చినప్పుడు 73 శాతం! మా వాళ్లని రానివ్వాలి అని ఇప్పుడే టిక్కు పెట్టిన చెయ్యి, వాళ్లవాళ్లని వద్దనడానికి వెనకాడింది. న్యాయబుద్ధి అంతకుముందు లేదని కాదు. ముందు ప్రశ్న దాన్ని తట్టి లేపింది.

మన బట్టల షాపు అమ్మాయిల సంగతికి వస్తే, జీతం ఆలస్యమా, సూపర్‌వైజరు కసురుతాడా, వారాంతంలో సెలవు ఇవ్వరా అని పది ప్రశ్నలు అడిగి, పదకొండోది "మొత్తం మీద మీ ఉద్యోగం ఎలా ఉంది?" అంటే, వచ్చేది ఆ పది ప్రశ్నల జవాబే. మొత్తం మీద ఎలా ఉందన్నది ముందు అడుగు. విడివిడి సంగతులు తర్వాత అడుగు. వయసు, చదువు, ఊరు, జీతం లాంటి సొంత వివరాలు చివర్లో పెట్టు. ముక్కూ మొహం తెలియనివాళ్లు వస్తూనే నీ జీతమెంత అని అడిగితే ఎవరికైనా ఎలా ఉంటుంది?

ఒక్క క్రియాపదం మార్చినా చాలు, లెక్క తారుమారవుతుంది. 1941లో డొనాల్డ్ రగ్ అనే ఆయన ప్రచురించిన ప్రయోగం ఉంది. ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ఉపన్యాసాలను అమెరికా "అనుమతించాలా?" అని కొందరిని అడిగితే, 62 శాతం మంది అనుమతించకూడదన్నారు. అవే ఉపన్యాసాలను "నిషేధించాలా?" అని ఇంకొందరిని అడిగితే, నిషేధించాలన్నది 46 శాతం. అనుమతించకపోవడం, నిషేధించడం చట్టం దృష్టిలో ఒకటే. మనిషి మనసుకి ఒకటి కాదు. నిషేధించడమనే మాట బరువైనది, చాలామంది ఆ బరువు మొయ్యడానికి ఒప్పుకోలేదు. ఆఫీసుల్లో "కొత్త హాజరు పద్ధతిని మీరు వ్యతిరేకిస్తారా?" అని అడిగి, ఎవరూ వ్యతిరేకించలేదు కాబట్టి అందరికీ ఇష్టమేనని నివేదిక రాసుకునే యాజమాన్యాలు ఈ ప్రయోగాన్ని గోడకి అంటించుకోవాలి.

"మరి లైకర్ట్ స్కేలు వాడితే ఇవన్నీ తప్పించుకోవచ్చు కదా తాతయ్యా?"

మన కాలేజీల్లో లైకర్ట్ అంటారు గానీ ఆయన తన పేరు పలికేది లికర్ట్ అని. రెన్సిస్ లికర్ట్ 1903లో అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, షయెన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి యూనియన్ పసిఫిక్ రైల్వేలో ఇంజనీరు. కొడుకు కూడా సివిల్ ఇంజనీరింగులోనే చేరాడు. 1922లో రైల్వే కార్మికుల సమ్మె జరిగినప్పుడు ఈ కుర్రాడు ఆ కంపెనీలోనే శిక్షణలో ఉన్నాడు. యాజమాన్యం మాట కార్మికుడికీ, కార్మికుడి మాట యాజమాన్యానికీ అందకపోవడం కళ్లారా చూశాడు. తర్వాత ఇంజనీరింగు వదిలి సామాజిక శాస్త్రం వైపు మళ్లాడు. 1932లో కొలంబియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం చేసిన పనిలోంచే ఈ స్కేలు పుట్టింది.

అంతకు ముందు అభిప్రాయాన్ని కొలవాలంటే లూయీ థర్‌స్టోన్ పద్ధతి ఉండేది. వందలకొద్దీ వాక్యాలు రాసి, వాటిని న్యాయనిర్ణేతల చేత పదకొండు కుప్పలుగా వేయించి, ఒక్కో వాక్యానికి విలువ కట్టేవారు. అదంతా బ్రహ్మాండమైన చాకిరీ. లికర్ట్ ఏమన్నాడంటే, న్యాయనిర్ణేతలు అక్కర్లేదు, వాక్యం ఇచ్చి "గట్టిగా ఒప్పుకుంటాను" నుంచి "అసలు ఒప్పుకోను" దాకా ఐదు మెట్లలో ఒకటి ఎంచుకోమందాం, 1 నుంచి 5 దాకా అంకెలు వేసి, వాక్యాలన్నిటి అంకెలూ కూడదాం అన్నాడు. చేసి చూస్తే, తక్కువ వాక్యాలతోనే థర్‌స్టోన్ పద్ధతికి తీసిపోని నిలకడ వచ్చింది.

ఇందులో మన విద్యార్థులు మరిచిపోయేది ఆ కూడటం. ఐదు గడుల ప్రశ్న ఒక్కటి పెట్టి అదే లికర్ట్ స్కేలు అనుకుంటారు. ఒక్క వాక్యం స్కేలు కాదు, ఒకే సంగతిని పట్టుకునే కొన్ని వాక్యాల మొత్తం స్కేలు. ఒక్కో వాక్యంలో ఒక్కో చిన్న పొరపాటు దొర్లుతుంది. ఒకదాన్ని సగమే చదివారు, ఇంకోదాన్ని వేరేలా అర్థం చేసుకున్నారు. నాలుగైదు వాక్యాలు కలిస్తే అటు తప్పూ ఇటు తప్పూ కొంతవరకు చెల్లుకు చెల్లు అయిపోతాయి. ఆ వాక్యాలు ఎంత కలిసికట్టుగా కదులుతున్నాయో చూడటానికి లీ క్రాన్‌బాక్ 1951లో ఆల్ఫా అనే కొలత ప్రతిపాదించాడు. మీ గైడు 0.7 దాటిందా అని అడిగేది దాని గురించే. ఆ అంకె పెరగాలని ఒకే వాక్యాన్ని ఆరు రకాలుగా తిప్పి రాసేవాళ్లున్నారు. అంకె పెరుగుతుంది, తెలివి పెరగదు. ఆరుసార్లు అదే అడిగించుకున్న మనిషికి విసుగూ వస్తుంది.

లికర్ట్ చెప్పిన ఇంకో జాగ్రత్త కూడా ఉంది. వాక్యాలన్నీ ఒకే వైపు మొగ్గి ఉండకూడదని, సుమారు సగం అటు, సగం ఇటు ఉండాలని ఆయన 1932లోనే రాశాడు. ఎందుకంటే ఏ వాక్యం ఇచ్చినా ఒప్పుకునే గుణం మనుషుల్లో ఉంది. మన దగ్గర అది ఇంకాస్త ఎక్కువే అని నాకు అనిపిస్తుంది. ఇంటికొచ్చిన చదువుకున్న పిల్ల, కాగితం పట్టుకుని అంత వినయంగా అడుగుతుంటే, కాదనడం ఎలా అనుకుంటారు. అయితే సగం వాక్యాలు తిప్పమన్నారు కదా అని "లేదు", "కాదు" తగిలించి రాయకు. "నా సూపర్‌వైజరు నన్ను గౌరవించడం లేదు" అన్న వాక్యాన్ని ఒప్పుకోను అంటే గౌరవిస్తున్నట్టా, లేనట్టా? పనిచేసి అలసిపోయిన మనిషికి అది చిక్కు లెక్క. దాని బదులు "నా సూపర్‌వైజరు అందరి ముందూ నన్ను కసురుతాడు" అని రాయి. అదే ఎదురు వైపు వాక్యం, చదవగానే అర్థమవుతుంది.

ఈ మాట మీద కాస్త ఆగుదాం. నీ నలభై ప్రశ్నల్లో నాకు ఎక్కువ బాధ కలిగించింది "సంస్థాగత వాతావరణం నా వృత్తిపరమైన ఎదుగుదలకు దోహదపడుతుంది" అన్న వాక్యం. ఇది మీ క్లాసులో పుట్టిన మాట, బట్టల షాపులో పుట్టింది కాదు. చీర మడత విప్పి చూపించి, మళ్లీ మడత పెట్టే ఆ అమ్మాయికి ఆ రోజంతా ఎలా గడిచిందో అడుగు. "నిన్న షాపు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా ఎన్నిసార్లు కూర్చోగలిగారు?" అని అడుగు. "నిన్న మధ్యాహ్నం అన్నం తినడానికి ఎంతసేపు దొరికింది?" "బాత్‌రూంకి వెళ్లాలంటే ఎవరినైనా అడగాలా?" ఇవి ఆ పిల్ల ఆలోచించుకోకుండా నిజం చెప్పగలిగే ప్రశ్నలు. దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాలను సవరించాయి. ఆ చట్టాల వెనక ఉన్నది కాళ్ల నొప్పులతో ఇళ్లకు పోయిన ఆడవాళ్ల గోడు. "పని వాతావరణం బాగుందా?" అని అడిగి ఉంటే, "పర్లేదండి" అని ఉండేవాళ్లే!

"నిన్న" అని ఎందుకు అన్నానో కూడా చెప్పాలి. "సాధారణంగా రోజుకి ఎన్నిసార్లు కూర్చుంటారు?" అంటే, ఆ అమ్మాయి పండగ రద్దీ రోజుల్నీ, బేరాల్లేని రోజుల్నీ మనసులో కలిపి సగటు తియ్యాలి. అది నువ్వు చెయ్యాల్సిన లెక్క, ఆమె నెత్తిన పెట్టకూడదు. నిన్నటి సంగతి ఆమె చెబుతుంది, వందమంది నిన్నలు కలిపి సగటు నువ్వు తీసుకో. ఆ "సాధారణంగా" అన్న మాటతో ఇంకో చిక్కూ ఉంది. లండన్‌లో విలియం బెల్సన్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి ఒక పని చేశాడు. జవాబులిచ్చినవాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈ మాటని మీరు ఏమని అర్థం చేసుకున్నారు అని ఒక్కో మాట అడిగాడు. "సాధారణంగా" లాంటి అతి మామూలు మాటల దగ్గరే జనం తలో దారీ పట్టారని తేలింది.

అడిగితే జవాబు ఇవ్వాలన్న ఒత్తిడి ఎంతటిదో చూడు. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో జార్జ్ బిషప్, ఆయన మిత్రులు అసలు లేనే లేని ఒక చట్టం పేరు కల్పించి, దాన్ని రద్దు చెయ్యాలా అని జనాన్ని అడిగారు. సుమారు మూడో వంతు మంది అభిప్రాయం చెప్పేశారు. 1980లో ఆ ఫలితం అచ్చయింది. ముందుగా "దీని గురించి మీకేమైనా అభిప్రాయం ఉందా?" అని అడిగితే ఆ సంఖ్య బాగా తగ్గింది. కాబట్టి "తెలియదు" అన్న గడి పెట్టడానికి జంకకు. తెలియదు అనడం కూడా ఒక సమాచారమే.

ఇంకో చోట కూడా ప్రశ్నావళి మోసపోతుంది. ఏం చేస్తారు అని అడిగితే ఒకటి చెప్పి, తీరా ఆ పరిస్థితి వస్తే ఇంకోటి చేస్తారు. అమెరికాలో చైనావాళ్లంటే చాలా వివక్ష ఉన్న రోజుల్లో, స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు రిచర్డ్ లాపియర్ ఒక చైనా దంపతులతో కలిసి దేశమంతా తిరిగాడు. హోటళ్లు, భోజనశాలలు అన్నీ కలిపి 251 చోట్లకు వెళితే, పొమ్మన్నది ఒక్కచోటే. ఆర్నెల్లు గడిచాక అవే చోట్లకు ఉత్తరాలు రాసి, చైనా జాతి అతిథులను మీరు రానిస్తారా అని అడిగాడు. 128 చోట్ల నుంచి జవాబులొచ్చాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా రానివ్వం అన్నవే! 1934లో ఈ సంగతి అచ్చయింది. ఉత్తరం చదివినవాడి ఎదుట ఒక జాతి పేరు ఉంది. గుమ్మంలో నిలబడ్డది మాత్రం చక్కగా మాట్లాడే ఇద్దరు మనుషులు, పక్కన ఒక తెల్ల ప్రొఫెసరు. రెండూ రెండు వేరు వేరు ప్రశ్నలు.

నీ ఇరవై ఏడో ప్రశ్న "మంచి అవకాశం వస్తే ఈ ఉద్యోగం మానేస్తారా?" అని. మంచి అవకాశం వస్తే ఎవరు మానరు? "గత మూడు నెలల్లో వేరే షాపులో పని ఉందేమో అడిగారా?" అని మార్చు. ఊహ అడగొద్దు, జరిగింది అడుగు.

అలా జరిగినదాన్ని పట్టుకునే విషయంలో మన కాకినాడకి మేనేజ్‌మెంట్ పరిశోధన చరిత్రలో ఒక చోటు ఉంది. హార్వర్డ్‌లో డేవిడ్ మెక్లెలాండ్ అనే ఆచార్యుడు ఉండేవాడు. మనిషిలో ఏదైనా సాధించాలన్న తపన ఎంత ఉందో కొలవాలన్నది ఆయన జీవితకాలపు పని. "మీకు తపన ఉందా?" అని అడిగితే ఉందనే అంటారు, అది కొలత కాదు అని ఆయన వాదన. అందుకని బొమ్మలు చూపించి, ఈ బొమ్మలో ఏం జరుగుతోందో ఒక కథ రాయండి అనేవాడు. రాసిన కథలో లక్ష్యాలూ ప్రయత్నాలూ అడ్డంకులూ ఎన్ని వచ్చాయో లెక్కపెట్టేవాడు. 1964లో కాకినాడ నుంచి 52 మంది వ్యాపారస్తులను హైదరాబాదులోని సియెట్ సంస్థకు రప్పించి, ఈ తపనను పెంచే శిక్షణ ఇచ్చారు. పోల్చి చూసుకోవడానికి రాజమండ్రిని ఎంచుకున్నారు. ఫలితం చూసేటప్పుడు "శిక్షణ మీకు నచ్చిందా?" అన్న ప్రశ్నతో సరిపెట్టుకోలేదు. కొత్త వ్యాపారం మొదలుపెట్టారా, కొత్తగా పెట్టుబడి పెట్టారా, ఎంతమందికి కొత్తగా పని ఇచ్చారు అని రాబట్టారు. శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్ల కంటే చురుగ్గా కదిలారని తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లెలాండ్ 1969లో దీన్నంతా పుస్తకంగా తెచ్చాడు. మనవాళ్లు ఆ పుస్తకాన్ని తెలుగులో ఎందుకు చదువుకోలేదా అని నాకు ఎప్పుడూ ఉంటుంది.

మనవరాలు కాగితం మీద ఒక ప్రశ్నకి అడ్డగీత కొట్టబోయింది. "ఒంట్లో బాగానే ఉన్నా బాగాలేదని చెప్పి సెలవు పెట్టారా?" అన్నది. "దీనికి ఎవరూ నిజం చెప్పరులే" అంది. కొట్టెయ్యకు, దానికి ఒక అందమైన ఉపాయం ఉందన్నాను. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన దారి చూపించాడు. ఆ తర్వాత వచ్చిన సులువైన రూపం చెబుతాను. ప్రతి అమ్మాయినీ నీకు కనిపించకుండా ఒక రూపాయి బిళ్ల ఎగరేసుకోమను. బొమ్మ పడితే ప్రశ్నతో పని లేకుండా "అవును" అనాలి. బొరుసు పడితే నిజం చెప్పాలి. అవునన్న ఏ అమ్మాయినీ నువ్వు అనుమానించలేవు, బొమ్మ పడి ఉండొచ్చు. కానీ మొత్తం లెక్క మాత్రం నీకు తెలిసిపోతుంది. 200 మందిని అడిగావనుకో. సుమారు 100 మందికి బొమ్మ పడుతుంది, ఆ 100 "అవును"లూ వట్టివి. నీకు వచ్చినవి 130 అనుకుందాం. అంటే బొరుసు పడ్డ 100 మందిలో 30 మంది అవునన్నారు. నూటికి ముప్ఫై! ఎవరి గుట్టూ బయటపడలేదు, ఊరి లెక్క తేలింది. బిళ్ల పడే తీరులో అటూ ఇటూ ఉంటుంది కనుక తక్కువ మందితో చేస్తే లెక్క ఊగుతుంది, అది గుర్తు పెట్టుకో.

అంత ఉపాయం అక్కర్లేకుండా చేయగల పని ఇంకోటుంది. కాగితాలు మేనేజరు చేత పంచించొద్దు, మేనేజరు చేత వసూలు చేయించొద్దు. పేరు అడగొద్దు. తాళం వేసిన డబ్బాలో వాళ్ల చేతులతో వాళ్లే వేసుకునేలా చూడు. ఆ ఒక్క ఏర్పాటు లేకపోతే నీ స్కేళ్లూ ఆల్ఫాలూ ఎందుకూ పనికిరావు. గూగుల్ ఫాం చేసి వాట్సాప్ గ్రూపుల్లో పంపేస్తానంటావేమో. జవాబు ఇచ్చేది ఎవరో, ఇవ్వనిది ఎవరో నీకు తెలియదు. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి కార్డులు పంపింది, ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. వాటిని నమ్ముకుని లాండన్ గెలుస్తాడని రాసింది. గెలిచింది రూజ్‌వెల్ట్, అదీ అఖండంగా. కార్డులు అందినవాళ్లూ, తిరిగి పంపినవాళ్లూ దేశంలో అందరిలాంటివాళ్లు కాదు.

ఇంత చెప్పాక ఆ పిల్ల నీరసపడింది. "అయితే నాకు ప్రశ్నలు రాయడమే రాదన్నమాట." రాకపోవడమేమిటి! ముందు వినాలి, తర్వాత రాయాలి, అంతే. షికాగో దగ్గర వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ వారి హాథార్న్ ఫ్యాక్టరీ సంగతి మీ మొదటి ఏడు పుస్తకంలోనే ఉంటుంది, దీపాల వెలుతురు ప్రయోగం. దాని వెనకే జరిగిన ఇంటర్వ్యూల కథ నాకు ఇంకా ఇష్టం. 1928లో మొదలుపెట్టి 1930 దాకా 20 వేల మందికి పైగా కార్మికులతో మాట్లాడారు. మొదట్లో ప్రశ్నలు రాసుకుని వెళ్లేవారు. అడిగినదానికి జవాబు ముక్తసరిగా చెప్పి, జనం వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు. పిల్లల జబ్బు, ఇంటి అప్పు, ఎప్పటిదో ఒక ఫోర్‌మన్ అన్న మాట. వాళ్లని ప్రశ్నకు లాక్కురావడం వృథా అని 1929లో గ్రహించి, కార్మికుడు ఏది మాట్లాడితే అదే వినమని ఇంటర్వ్యూ చేసేవాళ్లకు చెప్పారు. అరగంట ఇంటర్వ్యూలు గంటన్నర దాకా సాగాయి. ప్రశ్న రాసినవాళ్లకు ముఖ్యమైనది వేరు, బతుకుతున్నవాళ్లకు ముఖ్యమైనది వేరు అని ఆ గంటన్నరల్లోనే బయటపడింది.

సేవల నాణ్యత కొలిచే సర్వ్‌క్వాల్ అనే ప్రశ్నావళి అలా వినడంతోనే మొదలైంది. దాన్ని తయారుచేసిన ముగ్గురిలో పరశురామన్ మన మద్రాసు ఐఐటీలో చదువుకున్నవాడు. వాళ్లు ముందు ఖాతాదారులను చిన్న చిన్న గుంపులుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆ మాటల్లోంచి 97 అంశాలు రాసుకున్నారు. వాటిని రెండు విడతలు జనం మీద పరీక్షించి, బలహీనమైనవి తీసేస్తూ వస్తే చివరికి 22 మిగిలాయి. 1988లో అది ప్రచురితమైంది. 97లో 75 పోయాయన్నమాట! నీ నలభైలో పదిహేను నిలబడినా నాకు సంతోషమే.

కాబట్టి రేపు జిరాక్సులు తీయించకు. ఒక ఐదారుగురు అమ్మాయిలను షాపు బయట, టీ తాగే వేళ కలుసుకో. ఒక్కో ప్రశ్నా చదివి వినిపించి, జవాబు అడగడానికి ముందు "ఈ ప్రశ్న మీ మాటల్లో చెప్పండి" అను. ఎక్కడ తడబడ్డారో, ఎక్కడ నవ్వారో, ఎక్కడ నీ మొహం చూసి జవాబు వెతికారో రాసుకో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య గణాంక సంస్థ 1980ల నుంచి దీని కోసం ఏకంగా ప్రయోగశాలే నడుపుతోంది. నీకు ఒక నోటు పుస్తకం చాలు. ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులోకి తెచ్చిన ప్రశ్నలుంటే, ఇంగ్లీషు కాగితం చూడని స్నేహితురాలి చేత మళ్లీ ఇంగ్లీషులోకి చేయించి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకో.

ఆఖరున, చాలా ప్రాజెక్టులు చెయ్యని పని ఒకటి. లికర్ట్ మిషిగన్‌లో పెట్టిన పరిశోధన కేంద్రంలో ఫ్లాయిడ్ మాన్ అనే ఆయన పనిచేసేవాడు. 1948లో డెట్రాయిట్ ఎడిసన్ కరెంటు కంపెనీలో ఉద్యోగులందరి అభిప్రాయాలూ సేకరించారు. ఆ తర్వాత అకౌంటింగ్ విభాగాల్లో మాన్ ఒక ప్రయోగం చేశాడు. నాలుగు విభాగాల్లో ఫలితాలను ఉద్యోగులకే చూపించి, వాళ్ల చేతే చర్చింపజేశాడు. రెండు విభాగాల్లో ఏమీ చెయ్యలేదు. మళ్లీ అడిగి చూస్తే, మార్పు ఎక్కువగా వచ్చింది చర్చ జరిగిన చోటే. జవాబులు ఇచ్చినవాళ్లకు తమ జవాబుల లెక్క చూసే హక్కు ఉంది. నువ్వు కూడా ఒక పేజీ రాసి, తెలుగులో, పెద్ద అక్షరాలతో, ఆ షాపులకు తిరిగి పట్టుకెళ్లు. అయితే ఒక విభాగంలో ముగ్గురే ఉంటే, వాళ్ల లెక్క విడిగా వెయ్యకు. ఎవరేమన్నారో సూపర్‌వైజరు ఇట్టే పోల్చుకుంటాడు. అలాంటివి పక్క విభాగంతో కలిపి చూపించు.